మా ఆయన టాంగో

మా అమ్మాయి పెళ్లికి సంగీత్ పెట్టాలని, అందులో రెండువైపుల తల్లిదండ్రులూ జంటలుగా డాన్సు చెయ్యాలని పాలకొల్లు వియ్యాలవారు ముచ్చటపడ్డారు. కొబ్బరితోటలున్నవాళ్ల ముచ్చట కదా, కాదనడానికి మాకు నోరు రాలేదు. ఏదో సినిమా పాటకి చేతులూపితే సరిపోయేది. పెళ్లికొడుకు టాంగో అన్నాడు. అర్జెంటీనా వాళ్ల నాట్యమట.

ఆ దరిద్రం మా రాజమండ్రిలోనూ దొరికింది. దానవాయిపేటలో ఒక జిమ్ పైఅంతస్తులో, బెంగళూరులో నేర్చుకొచ్చానని చెప్పుకునే పిలక మాస్టారు. ఆయన ముందు మాలాగే పెళ్లిళ్ల కోసం వచ్చిపడ్డ జంటలు. పొట్టలు బిగబట్టిన మగవాళ్లు, ఒంటినిండా పిన్నీసులు గుచ్చుకున్న ఆడవాళ్లు.

నాకు మాత్రం లోపల ఒక ఆశ ఉంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన నలుగురిలో నా చెయ్యి పట్టుకోలేదు. ఈ వంకతోనైనా పట్టుకుంటారని వెళ్లాను.

"టాంగో అంటే నడకేనండి. మగవారు నడిపిస్తారు, ఆడవారు అనుసరిస్తారు. ఊఁ, నడవండి" అని మాస్టారు పాట పెట్టారు.

మగవాళ్లందరూ భార్యలకి వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని చకచకా నడిచిపోయారు. మేము కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనకాల వెళ్లాం. బజారుకి వెళ్లేది అలాగే కదా. ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు. మాస్టారు పాట ఆపి, ఎదురెదురుగా నిలబడాలని చెప్పారు.

మా ఆయన నన్ను పొయ్యిమీంచి వేడిగిన్నె దించినట్టు పట్టుకుని ఫ్యాను వంక చూశారు. చేత్తో లాగకూడదు, ఛాతీ కదలికతోనే భార్యకి అడుగు తెలియాలి అన్నారు మాస్టారు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో కూర్చుని గోదావరిని కాలువల్లోకి మళ్లించే మనిషికి, పెళ్లాన్ని ఒక్క అడుగు మళ్లించడం చేతకాలేదు.

"ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాను.

"నలుగురూ ఉన్నారే. ఊరుకో."

ఓచో అని ఒకటుంది, కాళ్లతో నేలమీద ఎనిమిది అంకె చుట్టడం. అది చూపించడానికి మాస్టారు నన్ను జంటగా తీసుకున్నారు. ఆయన భుజం కాస్త తిరగ్గానే నా పాదాలు వాటంతటవే తిరిగాయి. ఎంత సంతోషం వేసిందో! వెంటనే ఒళ్లు మండింది. ఇంత చిన్న పనా, ఇన్నేళ్లూ మా ఆయనకి కష్టమైంది?

ఆదివారం నేను వంటింట్లో ఓచో వేసుకుంటుంటే, మా ఆయన హాల్లోంచి వియ్యంకుడిగారికి ఫోన్ చేశారు.

"నాదేం లేదు బావగారూ. మా ఆవిడకే మోకాళ్ల నొప్పులండి. అడుగు వెయ్యలేకపోతోంది పాపం. డాన్సు మానేస్తామండి."

జాలిగా కూడా అన్నారు. నేను వెళ్లి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"అన్నయ్యగారూ, నా మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయండి. నేను చేస్తాను. మీ బావగారికే నన్ను పట్టుకోవడం చేతకాదు. నాకు జంటగా ఇంకెవరినైనా చూడండి."