ముందే అక్కడున్న చెయ్యి

నిన్న మార్కాపురంలో బస్సు దిగగానే తడి పలకరాయి వాసన ముక్కుకు తగిలింది. సుశీలక్క గుర్తుకొచ్చింది. ఆమె పోయి రెండేళ్లు. గిద్దలూరులో దుకాణాలు నడిపే ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, పలకలు కోసే యంత్రాలు, వాటిని నడిపే కంట్రోలర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపును ఇక్కడ పెట్టింది. పొదిలి నుంచి వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. రంపం దగ్గరికి చెయ్యి వస్తే సెన్సర్ పసిగట్టాలి, రెప్పపాటులో రంపం ఆగాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు పరీక్షలు రాయడం నా పని. చెయ్యి నెమ్మదిగా రావడం, వేగంగా రావడం, పక్కనుంచి రావడం... నలభై రాశాను. అన్నింటిలోనూ రంపం ఆగింది. ఆమె నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "ఇవన్నీ నీ చేతులు తమ్ముడూ. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల చేతులు రంపం కిందికి ఎట్ల పోతాయో చూసినావా?" అంది. చూడలేదు. కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

మరునాడు పొద్దున్నే నన్ను ఒక పలకల ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. ఏళ్ల తరబడి పలకలు కోస్తున్న రంగమ్మకు కుడి చూపుడువేలు సగమే ఉంది. "ఎట్ల పోయింది అత్తా?" అని అక్క మెల్లగా అడిగింది.

"కరెంటు పాయె. రంపం ఆగింది గదా అని, ఇరుక్కున్న ముక్క తీద్దామని చెయ్యి పెట్టినా. అంతలోకే మళ్లా వచ్చె," అంది రంగమ్మ, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

తిరిగొచ్చి, రంపం కింద చెక్కతో చేసిన చెయ్యి పెట్టి, కరెంటు ఆపి మళ్లీ ఇచ్చాను. రంపం తిరిగింది. చెక్క వేళ్లు తెగి నా కాళ్ల దగ్గర పడ్డాయి. మా ప్రోగ్రాం చెయ్యి రావడాన్నే చూస్తోంది. ముందే అక్కడున్న చేతిని చూడటం లేదు.

యంత్రాలు అప్పగించాల్సిన రోజు దగ్గరపడింది. సరిచేసేదాకా ఇవ్వనని అక్క చెబితే, వాటిని కొనబోయే ఫ్యాక్టరీ యజమాని మండిపడ్డాడు. "ఎప్పుడో ఒకసారి జరిగేదానికి పని ఆపుతారా? ఏందమ్మా ఇది? వేరేచోట తీసుకుంటా."

"తీసుకోండన్నా. వీటిని మాత్రం ఇట్లా నేనియ్యను," అంది అక్క. ఆయన మళ్లీ రాలేదు. తప్పు నాదేనని నేనంటే, "ఇప్పుడు దొరికింది గదా. కూర్చో, సరిచేద్దాం," అంది.

మూడు వారాలు పట్టింది. అప్పుడు అక్క రంగమ్మను పిలిపించింది. కొత్త చెక్క చేతిని రంగమ్మే రంపం కింద పెట్టింది. కరెంటు పోయి వచ్చింది. రంపం కదల్లేదు. "ఇంకోసారి కరెంటు ఎయ్యి నాయనా," అంది. అట్లా పదకొండుసార్లు వేయించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ యంత్రాలను చివరికి దొనకొండ వైపున్న ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని కొన్నాడు.

ఇప్పుడు నేను ఆసుపత్రి యంత్రాల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్నాను. మొదటి పరీక్ష రాసేముందు ఆ యంత్రం వాడే నర్సు పక్కన ఒక పూట నిలబడతాను. దీంతో మీకు ఎప్పుడు భయమేస్తుందని అడుగుతాను. చాలామంది ముందు ఏమీ లేదంటారు. నేను వెళ్లిపోకుండా అక్కడే ఉంటాను.