నర్సమ్మ బంతి

చంకలో పీట, నెత్తిమీద మడత వేసిన కొంగు. మిర్యాలగూడ చివర ఉన్న బడి మైదానానికి నర్సమ్మ ఎప్పుడూ అలాగే వచ్చేది. ఆట మొదలు కాకముందే వచ్చి, సున్నపు గీత పక్కన ఆ తుమ్మపీట వేసి, అరచేత్తో ఒకసారి తుడిచేది. తుడిచి, చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు కూర్చునేది. చెరువు మీద కొంగ వాలినట్టు, ఏ చప్పుడూ లేకుండా.

కూర్చోవడం అంత గొప్ప పనా అని నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె సంగతి తెలిసినవాళ్లు నవ్వలేదు.

పువ్వును పక్కన పెడితే మనకు బంతులు రెండు. కాలితో తన్నేది ఒకటి. విస్తర్ల ముందు నలుగురూ వరుసగా కూర్చునేది ఇంకొకటి. చిన్నప్పుడు నర్సమ్మకు ఆ రెండూ అందలేదు. నిడమనూరు అవతల ఒక పల్లెలో ఆమె తల్లి పిచ్చమ్మ దొర గడీ ఊడ్చేది. దొర కొడుకులు వాకిట్లో రబ్బరు బంతి ఆడుకుంటుంటే, అది గోడ దాటినప్పుడల్లా తెచ్చివ్వడానికి చిన్న నర్సమ్మ ఎండలో నిలబడేది. కూర్చోకూడదు. గడీలో పని మనుషులు కూర్చోవడమన్న మాటే లేదు. విందులు జరిగితే ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చునేది, అది లేచి మరొకటి. తల్లీబిడ్డలు కొట్టం దగ్గర గిన్నె పట్టుకుని, అన్ని బంతులూ లేచేదాకా నిలబడే ఉండేవాళ్లు.

ఒకరోజు పిచ్చమ్మకు ఒళ్లు కాలిపోయే జ్వరం. వాకిలి ఊడుస్తూ తూలి, కొయ్య కంబాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“కూసోయే అమ్మా,” అని ఏడ్చింది పిల్ల.

“కూసుంటే దొర సూస్తడు బిడ్డా. కంబం పట్టుకున్న గద. గదే కూసున్నట్టు.”

ఆ జ్వరంతోనే పిచ్చమ్మ పోయింది. కొన్నాళ్లకు దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లు వచ్చారు, దొర పట్నం పారిపోయాడు, గడీ వాకిట్లో పల్లేరు మొలిచింది. ఇక ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. కానీ కూర్చోమని చెప్పడానికి నర్సమ్మకు తల్లి లేదు.

ఆమె జంగయ్యను పెళ్లాడి మిర్యాలగూడ వచ్చింది. అతను రైసు మిల్లులో హమాలీ. ఆమె అదే మిల్లు కల్లంలో ఉడికిన వడ్లను ఎండలో పరిచి కాళ్లతో తిరగేసేది. పొద్దంతా నిలబడే పని. వడ్ల ఆవిరిలో ఆమె నడుస్తుంటే, మబ్బులో ఎవరో దారి వెతుక్కుంటున్నట్టు ఉండేది.

మిల్లు గోడకు అవతలే బడి మైదానం. ఎనభై మూడో ఎనభై నాలుగో, ఒక సాయంత్రం గోడ మీదుగా తోలు బంతి ఎగిరి వచ్చి వడ్ల మధ్య పడింది. గోడ అవతల నుంచి కేక:

“ఓ అవ్వా! బంతియ్యవే!”

నర్సమ్మ కాళ్లు వాటంతటవే బంతి వైపు కదిలాయి. వంగి చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. తీసుకున్నాక ఏమనిపించిందో, విసరలేదు. గేటు దాటి మైదానానికి వెళ్లి, గీత పక్కన కూలబడి, బంతిని ఒళ్లో పెట్టుకుంది.

“కావాల్నంటె వచ్చి తీస్కపోండ్రి,” అంది.

ఆడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వాళ్లకు ఫుట్‌బాల్ నేర్పుతున్న డ్రిల్లు సారు సైదయ్య స్వయంగా వచ్చి, వంగి, రెండు చేతులతో బంతి తీసుకున్నాడు. నర్సమ్మ లేచి పోలేదు. తన చేతి నుంచి పోయిన ఆ బంతి ఏమవుతుందో చూడాలనుకుంది. పొద్దుగూకేదాకా చూస్తూనే ఉంది.

ఆ రాత్రి జంగయ్య ఒకటే నవ్వు. “బువ్వ బంతికి పిలిస్తే సిగ్గుపడ్తవ్. గీ బంతికి ఉరుకుతున్నవా?” అన్నాడు. అన్నాడే గానీ, వారం తిరక్కుండా తుమ్మచెక్కతో ఆమెకు పీట చేసి పెట్టాడు.

సైదయ్య సారు పూనుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్లకు ఏటా ఒక పోటీ పెట్టించాడు. కోతలయ్యాక, ఒక్కో ఏడు ఒక్కో ఊళ్లో. జనం దాన్ని మూడూళ్ల కప్పు అన్నారు. తన ఊళ్లో ఆట ఉంటే నర్సమ్మ నడిచి వెళ్లేది. పక్కూళ్లలో ఉంటే బియ్యం లారీ ఎక్కేది, పీటతో సహా.

ఇబ్బందల్లా నిలబడే జనంతో వచ్చింది. ముందువాళ్లు నిలబడితే వెనకవాళ్లు నిలబడాలి. వాళ్ల వెనకవాళ్లు చెట్లెక్కాలి. పీట మీద కూర్చున్న మనిషికి వీపులు తప్ప ఏమీ కనిపించవు. నర్సమ్మ గొంతు విప్పింది.

“ఓ తాటిచెట్టు! నీ మొగం సూసేటందుకు మీ ఇంటోళ్లున్నరు. నీ ఈపు మాకెందుకయ్యా?”

ఆ పొడుగాయన సిగ్గుపడి కూలబడ్డాడు. అతని వెనకాయన కూర్చున్నాడు. నీళ్లు మడి నుంచి మడికి పారినట్టు, ఆ కూర్చోవడం అలా వెనక్కి వెనక్కి పాకింది. “బంతిల కూసుంటేనే బంతి కనబడ్తది,” అనేది ఆమె. ఆ మాట ఊరికి నచ్చింది. కొన్నేళ్లలో మిర్యాలగూడ జనం ఆటకు విందుకు కూర్చున్నట్టు వరుసలుగా కూర్చోవడం నేర్చింది.

సూర్యాపేట వాళ్లు మాత్రం లొంగలేదు. అక్కడ మల్సూర్ అని ఒక ఆటోడ్రైవర్, నోరున్నవాడు, అడ్డం తిరిగాడు.

“కూసొని సూస్తే గది ఆటనా, అరికతనా పెద్దమ్మా? నిలబడితేనే రక్తం ఉడుకుతది.”

“మా మిల్లుల బాయిలర్ కూసొనే ఉన్నది కొడకా. ఉడుకుతలేదా?”

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. మల్సూర్ కూడా నవ్వి కూర్చున్నాడు గానీ, గోల్ పడగానే స్ప్రింగులా లేచాడు. నర్సమ్మ అప్పుడూ లేవలేదు. తన జట్టు గోల్ కొట్టినా కూర్చునే చప్పట్లు కొట్టేది. ఆమెకు గోల్ అన్న మాట కడదాకా గోలగానే ఉండిపోయింది.

“గోల గాదే పెద్దమ్మా, గోల్!” అని దిద్దేవాడు మల్సూర్.

“గోల్ అయితేనే గద గోల అయ్యేది. రెండూ ఒకటే.”

తొంభై ఒకటిలో ఫైనల్ మళ్లీ మిర్యాలగూడకు వచ్చింది. మన జట్టుకూ కోదాడకూ. అప్పటికి సైదయ్య సారు రిటైరై మైకు దగ్గర కూర్చుంటున్నాడు. పోటీ కమిటీ పగ్గాలు వీరేశం సేటు చేతికి వచ్చాయి. చెడ్డవాడు కాదు. కొత్త బంతులు కొన్నది ఆయనే, జట్టుకు బూట్లు ఇప్పించింది ఆయనే. కానీ ఆ రోజు గీత వెంబడి పెద్దల కోసం సోఫాలు వేయించాడు. మిగతా జనం కట్టెల కంచె వెనక నిలబడి చూడాలన్నాడు.

నర్సమ్మ పీట ఎప్పుడూ ఉండే చోట, సోఫాలకు ముందు, వేసి ఉంది. ఆమె దాని మీద కూర్చుని ఉంది. మిల్లు ఆడవాళ్లు ఆమె పక్కన బారుగా కూర్చున్నారు.

“లే నర్సమ్మా,” అన్నాడు సేటు. “ఒక్కలు కూసున్న జాగల ముగ్గురు నిలబడ్తరు. జనం ఎంతొచ్చిండ్రో సూస్తలేవా? కంచె ఎనకకు పో.”

లెక్క తప్పు కాదు. నర్సమ్మ ఆయన వైపు తలెత్తి చూసింది. భయం వేసింది. గొంతులో ఎక్కడో చిన్నప్పటి ఎండ తగిలింది. ఇవాళ ఈ పీట ఎత్తుకుంటే మళ్లీ ఎక్కడా వేయలేనని ఆమెకు తెలుసు.

“సేటూ, నువ్వు పెండ్లిండ్లల్ల శాన బంతులు పెట్టించినవ్. కూసున్న బంతిని లేపుతరా ఎవలన్న? విస్తరి ముంగట నుంచి మనిషిని లేపుతరా?”

ఎంత కోపమున్నా, శత్రువైనా, బంతిలో కూర్చున్న మనిషిని లేపకూడదు. లేపినవాడి ఇంట తిన్నది అరగదంటారు. అది సేటుకూ తెలుసు. ఈలోగా కంచె వెనక నిలబడ్డవాళ్లలో ఒకాయన కూర్చున్నాడు. ఇంకొకాయన కూర్చున్నాడు. మైకులో సైదయ్య సారు దగ్గాడు, అంతే.

“సరే,” అన్నాడు సేటు చివరికి. “కానీ నా ఎనక కలెక్టరాఫీసోళ్లున్నరు. నడుమల మీల ఒక్కలు లేసినా మొత్తం గుంపును కంచె అవుతలికి పంపుత. మళ్ల ఏడాది పీటగీట బంద్.”

“నేను లేవ. నేను లేవకుంటె ఎవ్వలు లేవరు.”

మాట ఇచ్చింది. ఆట మొదలైంది.

కోదాడ గోల్‌కీపర్ మంగ్త్యా, నడిగూడెం దగ్గరి తండా పిల్లవాడు. సన్నగా జొన్నకర్రలా ఉన్నాడు. కోదాడ మొదట ఒక గోల్ కొట్టి, ఇక అక్కడి నుంచి మొత్తం భారం ఆ జొన్నకర్ర మీద వేసింది. మన వాళ్లు కొట్టిన ప్రతి బంతీ అతని చేతుల్లోకి పిట్ట గూట్లోకి పోయినట్టు పోయింది. నర్సమ్మ అతన్ని తిట్టింది. “వీని చేతులు ఇరుగ, బెల్లం పూసుకొనొచ్చిండా ఏంది!” తిడుతూనే ముద్దుగా చూసింది.

ఆట ముగియవస్తుండగా ఒక పెనుగులాటలో మన వాడి బూటు మంగ్త్యా కనుబొమ్మకు తగిలింది. అతను పడిపోయాడు. రెఫరీ వచ్చాడు, సైదయ్య సారు నీళ్లతో పరుగెత్తాడు. కోదాడకు ఇంకో కీపర్ లేడు. ఎవరో తువ్వాలు చింపి కట్టు కట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది.

“ఇగ చాలు బిడ్డా, పోయి కూసో,” అన్నాడు సారు.

“కూసో బిడ్డా,” అని గొణిగింది నర్సమ్మ కూడా, తన పీట మీద నుంచి. “కూసో. ఎవ్వలేమనరు.”

మంగ్త్యా తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాచి ఇనుప గోల్ పోస్టును పట్టుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని, మెల్లగా, మోకాళ్ల మీది నుంచి పైకి లేచాడు. కొద్దిగా తూలాడు. పోస్టును వదల్లేదు.

నర్సమ్మకు కొయ్య కంబం కనిపించింది. జ్వరంతో కాలిపోతున్న రెండు చేతులు కనిపించాయి.

కానీ పిల్లవాడు పోస్టును వదిలేశాడు. వదిలి, రెండడుగులు ముందుకు వచ్చి, గోలు నడుమ నిలబడ్డాడు. అతన్ని ఎవరూ నిలబెట్టలేదు. అందరూ కూర్చోమంటుంటే నిలబడ్డాడు. ఇలా కూడా నిలబడవచ్చని నర్సమ్మకు అప్పటిదాకా తెలియదు.

ఆమె లేచింది.

మిల్లు ఆడవాళ్లు తెల్లబోయారు. “ఓ నర్సక్కా! కూసో, సేటు సూస్తుండు!” అని కొంగు లాగారు. ఆమెకు వినిపించలేదు. సాయంత్రపు ఎండలో, తన పీట పక్కన, చేతులు రెండు వైపులా వదిలేసి, నిటారుగా నిలబడింది.

బంతిలో ఒక మర్యాద ఉంది. అందరి భోజనం అయ్యేదాకా ఎవరూ లేవరు. పెద్దవాళ్లు లేస్తే బంతి లేస్తుంది. ఆ రోజు కూడా అంతే జరిగింది. ఆమె పక్కవాళ్లు లేచారు. వాళ్ల వెనకవాళ్లు లేచారు. కంచె వెనక జనం మొత్తం లేచింది. ఎవరూ అరవలేదు. మన జట్టును ఓడిస్తున్న పిల్లవాడి కోసం మిర్యాలగూడ గప్‌చుప్‌గా లేచి నిలబడింది. సోఫాల మీది పెద్దలు కూడా లేచారు. లేవకపోతే వాళ్లకేమీ కనబడదు మరి.

మన వాళ్లు మరో రెండుసార్లు బంతి కొట్టారు. ఒకటి అతని రొమ్ముకు తగిలి ఆగింది. ఇంకొకటి పక్కకు పోయింది. కప్పు కోదాడ పోయింది.

జనం చెదురుతుండగా వీరేశం సేటు వచ్చాడు. “మాట తప్పినవ్ గద, నర్సమ్మా.”

“తప్పిన సేటూ. ఇగ నీ ఇష్టం.”

“నన్ను గూడ నిలబెడ్తివి గద,” అన్నాడు, కోపంగా కాదు. కానీ పెద్దల ముందు అన్న మాట అన్న మాటే. ఆ మర్నాడు కంచెను గీత దాకా జరిపి పాతారు. మిర్యాలగూడలో నర్సమ్మ పీటకు చోటు లేకుండా పోయింది. గోడ అవతల వడ్లు తిరగేస్తూ, కేకలను బట్టి ఆట ఎటు పోతుందో ఊహించుకునేది. “బాధైతున్నదా?” అని జంగయ్య అడిగితే, “లేసింది నేనే గద,” అనేది.

మరుసటి ఏడు పోటీ కోదాడలో. వెళ్లాలా వద్దా అని తటపటాయించి, చివరికి లారీ ఎక్కింది. పీట తీసుకుపోలేదు. దూరంగా, జనం వెనక నిలబడి చూద్దామనుకుంది.

గేటు దగ్గరే ఒక కుర్రాడు ఆమెను గుర్తుపట్టాడు. “నర్సమ్మగారు కదూ? మిర్యాలగూడ నర్సమ్మగారు!” అని జనాన్ని తోసుకుంటూ ముందుకు తీసుకుపోయాడు. గీత పక్కన, గోల్ పోస్టుకు దగ్గరగా, ఒక దుప్పటి పరిచి ఉంది. ఖాళీగా.

“కూర్చోండమ్మా. మీకోసమే ఉంచాం.”

నర్సమ్మ కూర్చోలేదు. ఆమె ముఖంలో ఏదో కదిలింది, గాలికి నీళ్లు కదిలినట్టు. ఎంతోమందిని కూర్చోమని అరిచిన మనిషి. ఆ మాట తనతో ఎవరైనా అంటే ఏం చేయాలో తెలియలేదు.

“ఆ పిల్లగాని తల్లేది?” అంది చివరికి.

మంగ్త్యా తల్లి రంగి, తండా ఆడవాళ్లతో కలిసి వెనక చెట్టు కింద నిలబడి ఉంది. అద్దాల రవిక, చేతినిండా గాజులు, మొహం నిండా మొహమాటం. గోల్ దగ్గరి నుంచి మంగ్త్యా అమ్మను తండా భాషలో కేకేశాడు, “యాడీ!” అని. కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది.

“రావే వదినే,” అని నర్సమ్మ చెయ్యి చాచింది. “మీవోళ్లందర్ని దోల్కరా. బంతి కూసుందాం.”

రంగి గాజులు గలగలమంటూ వచ్చింది. మిగతావాళ్లు వచ్చారు. నర్సమ్మ వంగి దుప్పటిని అరచేత్తో ఒకసారి తుడిచింది. రంగి కూర్చున్నాక, ఆమె పక్కన, తాను కూర్చుంది. రెఫరీ విజిల్ వేశాడు.