అప్పలకొండ కట్టిన కట్టు

అప్పలకొండ బెంగాలీల ఊళ్ళోని రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరే గాని, పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళందరికీ డాక్టరుబాబు. ప్రథమ చికిత్స పోటీల్లో ఏటా కప్పు అతనిదే. కట్ల కింద రోగి ఎంత తక్కువ కనబడితే అంత ఎక్కువ మార్కులని అతని నమ్మకం.

అతనికి ఆ చికిత్స నేర్పిన జ్ఞానరత్నంగారు కట్లతోపాటు ఒక చట్టం కూడా చెప్పారు. దేశాలన్నీ జెనీవాలో కూర్చుని రాసుకున్నది. ఒక దేశంవాళ్ళు తమలో తాము యుద్ధం చేసుకున్నా సరే, గాయపడినవాణ్ణీ, ఆయుధం కింద పెట్టినవాణ్ణీ కొట్టకూడదు. ఏ పక్షంవాడైనా వైద్యం చెయ్యాలి.

డెబ్బై నాలుగులో జరిగిన రైల్వే సమ్మెలో ఆ చట్టంతో పని పడింది. సమ్మె కుర్రాళ్ళను తరుముతూ వచ్చిన హరిపద అనే కానిస్టేబులు కాలవలో కాలు మడతపడి, తనవాళ్ళకు దూరమై, అప్పలకొండ అరుగు మీద కూలబడ్డాడు. కుర్రాళ్ళు వెనక్కి తిరిగారు. దొరికితే చితకబాదేలా ఉన్నారు.

"లాఠీ కింద పెట్టు దాదా. అప్పుడే సట్టం పనిసేస్తాది," అన్నాడు అప్పలకొండ.

హరిపద పెట్టాడు. అప్పలకొండ భార్య చిలకమ్మ దాన్ని కిటికీ ఊచల్లో గుచ్చి తడిచీర ఆరేసింది.

బెణికింది చీలమండ. అప్పలకొండ ఒక బూటు విప్పి, ఆ కాలి చీలమండ దగ్గర మొదలుపెట్టి, అలవాటు కొద్దీ మోకాలు, మోచెయ్యి దాటి దవడ దాకా వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు వచ్చేసరికి హరిపదలో రెండు కళ్ళూ, ఒక బూటూ మిగిలాయి.

"ఆడేడి మావా?" అన్నాడు ముందున్న నూకరాజు.

"ఈడే. దెబ్బ తగిలినోడు. కొట్టకూడదు. జెనీవాలో రాసినారు."

"అది యుద్ధానికి కదేటి? ఇది యుద్ధమేటి?"

"యుద్ధంలోనే కొట్టకూడదంటే, యుద్ధం కానప్పుడు కొడతావేట్రా?"

నూకరాజు కట్లను పైనుంచి కిందిదాకా చూశాడు.

"అయినా కొట్టడానికి జాగా ఏదిరా అక్కడ? ఎల్లండి," అంది చిలకమ్మ. వెళ్ళారు.

కాసేపటికి పోలీసులు వచ్చారు. తమ మనిషి వాలకం చూసి ఇన్‌స్పెక్టరు ముఖం నల్లబడింది. ఎవరు కొట్టారని అడిగాడు. హరిపద చెప్పబోయాడు గాని, దవడకట్టు లోంచి మూలుగే వచ్చింది. ఇన్‌స్పెక్టరు కిటికీలో లాఠీనీ, దానిమీద చీరనూ చూసి, అప్పలకొండ చొక్కా పట్టుకున్నాడు.

"నన్నూ కొట్టకూడదు సార్. నా సేతిలో ఆయుధం లేదు."

కత్తెర ఉంది. చూసుకుని కింద పెట్టాడు.

చిలకమ్మ ఆ కత్తెరతోనే దవడకట్టు కోసింది. హరిపద గట్టిగా ఊపిరి పీల్చి, "కొట్టలేదు సార్. కాపాడారు. వాచిన కాలు మాత్రం ఇంకా బూటులోనే ఉంది," అన్నాడు బెంగాలీలో.

ఇన్‌స్పెక్టరు చొక్కా వదిలేసి, నవ్వు కనబడకుండా వెనక్కి తిరిగాడు.

ఏళ్ళ తరవాత అప్పలకొండ పోయిననాడు హరిపద ఊరికి ఆ చివరున్న ఇందా నుంచి నడిచి వచ్చాడు. చిలకమ్మ దగ్గరికెళ్ళి, "కట్టు కట్టింది తప్పు కాలికని చివరిదాకా ఒప్పుకోలేదు దీదీ," అన్నాడు.

"ఎలా ఒప్పుకుంతాడు బాబూ," అంది చిలకమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "కప్పులు ఎనక్కిమ్మంటారని బయ్యం."