తక్కువ ప్రమాదం

కెర్రబీ ఊరి కౌన్సిల్ ఆఫీసులో నోలీన్ స్కరాది ఇరవై రెండేళ్ళ కొలువు. నది పొంగితే ఒడ్డున చక్రాల ఇళ్ళుండే క్యారవాన్ పార్కులో సైరన్ మోగించే కంప్యూటర్ ఆమె చేతి కిందే ఉండేది. ఆ పార్కులో కాపురముండే అరవై మందిలో ఆమె తమ్ముడు కీత్ ఒకడు. కర్ర లేనిదే అడుగు వేయలేడు.

ఆ కంప్యూటర్‌లో గుమాస్తా లాంటి ప్రోగ్రాం ఒకటుంది. వేరే ప్రోగ్రాం ఏదైనా కుప్పకూలితే, ఎందుకు కూలిందో రాసిపెట్టడం దాని పని. ఎన్నిసార్లు కూలితే అన్ని నివేదికలు, ఒక్కొక్కటీ కొండంత. హద్దంటూ లేదు. ఒకదాన్ని పదేపదే కూలిస్తే చాలు, డిస్కు నిండిపోయి సైరన్‌తో సహా అన్నీ ఆగిపోతాయి. చచ్చినవాళ్ళ కాగితాలతో ఇల్లు నింపి బతికున్నవాళ్ళను బయటికి గెంటే గుమాస్తా! ఈ లోపాన్ని సరిచేసే మరమ్మతును దాన్ని తయారుచేసినవాళ్ళే పంపారని, పది నిమిషాలు మిషను ఆపనిమ్మని నోలీన్ పై అధికారి రోహన్ పైబస్‌కు మూడుసార్లు రాసింది.

దొరవారు మూడోసారికి పిలిపించారు.

"దీంతో ఏమైనా దొంగిలిస్తారా?"

"దొంగిలించరు. ఆపేస్తారు."

"బయటివాడు చేయగలడా?"

"లేదు. లోపలికి లాగిన్ ఉన్నవాడే చేయగలడు."

"లోపలున్నది మనమేగా నోలీన్! నా ఊరిని నేనే ముంచుకుంటానా?"

ఆమె ఉత్తరం మీదే పెద్దక్షరాలతో 'తక్కువ ప్రమాదం' అని రాసి సంతకం గీకాడు. లాగిన్ పాస్‌వర్డేమో టీ డబ్బా మూత మీద అంటించి ఉంది. అంటించిందీ ఆయనే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడానికి కూడా పెద్ద జీతం కావాలి కాబోలు.

నవంబరు మొదటి మంగళవారం మధ్యాహ్నం, దేశమంతా పని మానేసి చూసే పెద్ద గుర్రప్పందెం. ఆఫీసంతా టోపీలు పెట్టుకుని, గుర్రాల పేర్ల చీటీలు తీసి కూర్చుంది. ఆఫీసులో అన్నిటిలోకీ పెద్ద తెర సైరన్ కంప్యూటర్‌దే. అందుకని పైబస్ పొద్దున్నే దాంట్లో పందెం చూపించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పెట్టాడు. అది కూలింది. దానంతటదే లేచి మళ్ళీ కూలింది. గుమాస్తా రాస్తూనే ఉంది. ఎగువ కొండల్లో రెండు రోజులుగా వాన.

రెండున్నరకు నోలీన్ చూసేసరికి డిస్కులో ఆవగింజకైనా చోటు లేదు. తెర మీది నదిమట్టం అంకె పొద్దున తొమ్మిది గంటల దగ్గరే ఆగిపోయి ఉంది.

"గుర్రాలు పరిగెత్తాక చూద్దాంలే," అన్నాడు పైబస్.

"నీ గుర్రాల మొహం మండ!" అంటూ ఆమె కారు తీసింది.

పార్కులో తలుపు తలుపూ బాదింది. నీళ్ళు అప్పటికే మోకాళ్ళ దాకా వచ్చాయి.

"కర్ర వదిలేసి నా భుజం పట్టుకోరా!"

"టీ ఇప్పుడే కలుపుకున్నానే అక్కా," అని గొణిగాడు కీత్. వాణ్ణి ఈడ్చుకొచ్చింది. మనుషులందరూ దక్కారు. క్యారవాన్ ఒక్కటీ దక్కలేదు.

వారం తర్వాత పైబస్ నివేదికలో 'చోరీ అయిన సమాచారం' అన్నచోట 'ఏమీ లేదు' అని రాసి, కొత్త బూట్లు తొడుక్కుని పార్కు చూడటానికి వచ్చాడు. అక్కడి స్నానాల గది గోడ మీద, ప్రతి వరదకూ నీళ్ళెంత ఎత్తుకొచ్చాయో గీత గీసి ఏడాది రాయడం ఆ ఊరి వాడుక. ఈసారి గీత నోలీన్ గీసింది. ఏడాది రాయాల్సిన చోట ఒక కాగితం అంటించింది.

"ఏమిటది?" అన్నాడు పైబస్.

"చదువుకో. నీ చేతిరాతే."

చదవడానికి అతను మడమలెత్తి నిలబడాల్సి వచ్చింది.