పేపర్లో పడని నంబరు

ఈమధ్య ఎక్కడో చదివాను. ఇప్పుడు హెచ్ఐవి పరీక్షకు సూది కూడా అక్కర్లేదట. దూదిపుల్లతో చిగుళ్ల మీద ఒకసారి తుడిస్తే చాలట. పేరు అడగరు, పైసలు అడగరు. చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను గానీ, ఆ రోజంతా మా అన్న నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. తొంభైల చివర్లో నల్గొండ పెద్ద దవాఖానలో ఆయన కూడా పేరు చెప్పకుండా, పైసా ఇవ్వకుండా ఆ పరీక్ష చేయించుకున్నాడు. అప్పుడు చేతి నుంచి రక్తం తీసేవాళ్లు. పేరుకు బదులు ఒక నంబరు రాసిన చీటీ ఇచ్చేవాళ్లు.

ఆ నంబరు సంగతి చెప్పాలంటే ముందు నా నంబరు సంగతి చెప్పాలి.

నా డిగ్రీ ఫలితాలు పేపర్లో పడ్డ రోజు నేను నల్గొండ బస్టాండులో మూడు పేపర్లు కొన్నాను. మూడూ ఒకటే పేపరు. ఒకదాంట్లో తప్పు పడి ఉంటే ఇంకోదాంట్లో సరిగా ఉంటుందని నా అనుమానం. చీమల బారులా ఉన్న ఆ నంబర్లలో నా హాల్‌టికెట్ నంబరు దొరికాక ఎర్ర పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీశాను. రామన్నపేట దాకా బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లందరికీ చూపించాను. ఒకాయన మధ్యలో దిగిపోతే, ఆ సీట్లోకి వచ్చినాయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

మాది మగ్గం ఇల్లు. మా వంశంలో పదో తరగతి దాటినవాడు లేడు. బాపు మగ్గం గుంటలోంచి లేచి, చేతులు పంచెకు తుడుచుకొని, ఆ ఎర్ర సున్నా మీద వేలు పెట్టాడు.

"గిదేనా నువ్వు?"

"గదే బాపూ."

"పేరు లేదేందిరా?"

"పేరు అక్కర్లే. నంబర్ ఉంటే నేనే."

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. హోటల్ చాచా ఒక పేపరు లాక్కొని, మైదా ఉడికించి, దాన్ని హోటల్ గోడకు అంటించాడు. చాయ్ తాగడానికి వచ్చిన ప్రతివాళ్లనూ పిలిచి చూపించేవాడు. "జర చూడుండ్రి, మా డిగ్రీ సాబ్ గిండ్ల ఉన్నడు." నేను రోజుకు రెండుసార్లు పనేమీ లేకపోయినా ఆ హోటల్ ముందు నుంచి పోయేవాణ్ని.

మా అన్న అప్పటికి పది రోజుల ముందే భీవండి నుంచి వచ్చాడు. ఏడో తరగతి మధ్యలో బడి మాని అక్కడికి పోయి, సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. నా ఫీజులు, నా కిరాయి గది, నా ఇస్త్రీ బట్టలు అన్నీ ఆయన రాత్రి షిఫ్టుల నుంచి వచ్చినవే. ఇప్పుడు ఆయన పెళ్లికి వచ్చాడు. పక్క మండలం పిల్ల. పూలుపండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకోవడం కూడా అయిపోయింది. ముహూర్తానికి నెల రోజులుంది. మనిషి మాత్రం సగమయ్యాడు. సాంచాల దుమ్మని అమ్మ అంటుండేది. దగ్గు తగ్గక నల్గొండలో ఒక డాక్టరుకు చూపించుకుంటే, ఛాతీ ఫోటో చూసి, పెళ్లి మాట విని, "ముందు పెద్ద దవాఖానకు పోయి ఈ పరీక్ష చేయించుకో, ఫ్రీగా చేస్తారు, పేరు కూడా అడగరు" అన్నాడట. అన్న ఆ మాట నాకొక్కడికే చెప్పాడు. ఎందుకు అనుమానమో నేను అడగలేదు. ఆయనే అన్నాడు, గోడ వైపు చూస్తూ. "అక్కడ అందరం పోయేటోళ్లం తమ్మీ. నేనొక్కన్నే పోలే."

నా నంబరు పేపర్లో పడ్డ మూడో రోజు ఇద్దరం పోయాం. అన్న లోపలికి వెళ్లాడు. నేను వరండాలో కూర్చొని, పక్కనున్న ముసలాయనకు నా డిగ్రీ సంగతి చెప్తున్నాను. జేబులో పేపరు ముక్క ఉండనే ఉంది. అన్న మోచేతి మడతలో దూది పెట్టుకొని బయటికి వచ్చి చీటీ చూపించాడు.

"పేరు రాసుకోలే. గీ నంబర్ ఇచ్చిండ్రు. వారానికి రమ్మన్నరు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది నాకు. "నా హాల్‌టికెట్ లెక్కనే గదనే. నంబర్ ఉంటే చాలు."

ఆ వారం అన్న రోజూ పొద్దున్నే నాకన్నా ముందు చాచా హోటల్‌కు పోయేవాడు. పేపరు వచ్చేదాకా కూర్చొని, వచ్చాక ఒక్కో పేజీ తిప్పేవాడు. నా నంబరు అంటించిన గోడ వైపు చాలాసేపు చూసేవాడు. తమ్ముడి మీద మురిపెమని నేను అనుకున్నాను. చాచా కూడా అదే అన్నాడు. "తమ్ముడు పాసైతే అన్న పేపర్ చదువుడు మొదలువెట్టిండు. పెళ్లినాటికి నువ్వు గూడ డిగ్రీ సాబ్ అయితవ్." అన్న నవ్వలేదు. చాయ్ సగం వదిలేసి లేచిపోయాడు.

వారం తిరిగాక మళ్లీ బస్సెక్కాం. సగం దారి దాటాక అడిగాను.

"చీటీ తెచ్చినవా?"

"లేదు."

"ఇంట్ల మర్చినవా?"

"నూలుకు గంజి కాసే పొయ్యిల ఏసిన."

నాకు అర్థం కాలేదు. అన్న గొంతు తగ్గించి, ముందు సీటు కడ్డీ పట్టుకొని చెప్పాడు. "నీది పేపర్ల పడితె ఏమైంది? మూడూర్లకు తెలిసింది. చాచా గోడకు అంటువెట్టిండు. లాటరీ నంబర్లు పడతయి, నీ నంబర్ పడ్డది. సర్కారు నంబర్ ఇచ్చిందంటె పేపర్ల ఏసెటందుకే గద. ఇంట్ల చీటీ ఉంటె బాపు చూస్తడు, నువ్వు చూస్తవు, ఎవడో ఒకడు కలిపి చూసుకుంటడు. అందుకే కాలవెట్టిన."

"మరి పేపర్లెందుకు చూస్తివి రోజూ?"

"నంబర్ నాకు నోటికొచ్చు. పడ్డదా అని చూసిన. పడలే. పడలేదంటె ఏం లేనట్టేనా తమ్మీ? నీ దోస్తులయి పడలేదు. పడలేదంటె ఫెయిలంటివి. మరి నాది పడకుంటె మంచిదా, చెడ్డదా?"

వారం రోజులుగా ఆయన ఆ లెక్కతో ఒంటరిగా కూర్చున్నాడు. నేను ఎర్ర పెన్ను గీతల గురించి కథలు చెప్పుకుంటూ తిరిగాను.

"అవి పేపర్ల పడవన్నా. లోపల కూసోవెట్టి నీ ఒక్కనికే చెప్తరు. ఇంకెవ్వలకు చెప్పరు."

"నువ్వు చూసినవా?"

"బయట బోర్డు మీద రాసుంది. చదివిన."

అన్న కిటికీ వైపు తిరిగాడు. "చదివినోనివి, అప్పుడే చెప్పకపోతివి" అన్నాడు. అందులో కోపం లేదు.

దవాఖానలో ఉన్న మేడమ్ చీటీ లేకపోతే ఫలితం చెప్పడం కుదరదంది. నంబరు నోటితో చెప్తే సరిపోదట; పేరు రాసుకోరు కాబట్టి ఎవరిది ఎవరికి చెప్పారో వాళ్లకే తెలియకుండా పోతుందట. కసురుకోలేదు. మళ్లీ రక్తం ఇవ్వమంది. అన్న చొక్కా చేయి పైకి మడుచుకున్నాడు. ఈసారి చీటీ నాకిచ్చాడు. "నీకు అలవాటున్నది గద, నువ్వు దాచు." నా హాల్‌టికెట్ పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లోనే దాన్ని పెట్టాను. నంబరు చూడలేదు.

ఆ రెండో వారం ఇంట్లో పెళ్లి పనులు మొదలయ్యాయి. అమ్మ పసుపు దంచింది. బాపు పెళ్లికూతురికి చీర నేస్తున్నాడు, తన చేత్తో. అంచుకు చిలకలు వేస్తున్నాడు. అన్న ఎప్పుడూ లేనిది మగ్గం పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టి ఇచ్చేవాడు. బాపు మురిసిపోయాడు.

"పిల్లకు గీ రంగు నప్పుతదారా?"

"నప్పుతది బాపూ."

మళ్లీ నల్గొండ పోయిన రోజు అన్న లోపల చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి, వరండా చివర నల్లా దగ్గర మొహం కడుక్కున్నాడు. రెండుసార్లు కడుక్కున్నాడు.

"ఉన్నదట" అన్నాడు.

అప్పట్లో దానికి మందులు మాలాంటివాళ్లకు అందేవి కావు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"పెళ్లి సంగతి అడిగిందా మేడమ్?"

"నేనే చెప్పిన. పిల్లకు పంతొమ్మిదేండ్లు అని చెప్పిన."

ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగాక నా భుజం పట్టుకున్నాడు. "నీకు నోట్ల మాట దాగదు. గీ ఒక్కటి దాచు. అమ్మకు తెలిస్తె సచ్చిపోతది. ఊరోళ్లకు తెలిస్తె బాపు మగ్గం మీది చీర గూడ ఎవ్వలు కొనరు."

ఆ సాయంత్రం బాపు మగ్గం మీదే ఉన్నాడు. అన్న గుంట పక్కన నిలబడి చెప్పాడు.

"గీ పెళ్లి ఒద్దు బాపూ. భీవండిల నాకొకామె ఉన్నది."

మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏమంటున్నవురా?"

"ఉన్నది. చానా రోజులైంది. ఇద్దరం ఒక్కతాన ఉంటున్నం."

"మరి పూలుపండ్లనాడు నోరు పడిపోయిందా?"

అన్న తల వంచుకున్నాడు. బాపు గుంటలోంచి లేచి వచ్చి ఆయన చెంప మీద కొట్టాడు. అన్న కదలలేదు. ఇంకోటి కొట్టాడు. నేను నోరు తెరిచాను. అన్న నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను.

మర్నాడు పిల్ల తండ్రి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, నీళ్లిస్తే తాగలేదు. "బావా, నీ చిన్నకొడుకు డిగ్రీ పాసైండని విని, మంచి కొంపల పడుతది నా బిడ్డ అనుకున్న. పెద్దోడు గిట్లున్నడని ఎవ్వలు చెప్పకపాయె. నలుగురిల తలెట్ల ఎత్తుకొని తిరగాలె నేను?" అన్నాడు. బాపు ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నా తండ్రి ఒకరి కాళ్ల దగ్గర కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. అన్న లోపలి గదిలో బట్టలు సర్దుకుంటున్నాడు. అంతా ఆయనకు వినపడుతూనే ఉంది.

ఆ పిల్లకు ఎండాకాలం లోపలే ఇంకో సంబంధం కుదిరిందని తర్వాత విన్నాను.

అన్నను బస్సెక్కించడానికి నేనొక్కణ్నే పోయాను. చాచా హోటల్ ముందు నుంచి నడవాలి. చాచా గిన్నె కడుగుతూ అన్నాడు. "చూడు, ఒక్క తల్లి పిల్లలు. తమ్ముడు గోడకెక్కిండు, అన్న గట్లయిండు. ఏం రా, నీకేం తక్కువైందిరా గా పిల్లల?" బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. గోడ మీద నా పేపరు ఎండకు పసుపురంగుకు తిరిగింది. ఎర్ర సున్నా మాత్రం అలాగే ఉంది. అన్న అక్కడ ఆగి దాన్ని ఒకసారి చూసుకున్నాడు.

బస్సు వచ్చింది. అన్న ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కింద నిలబడి ఉన్నాను. కండక్టరు విజిల్ వేశాక, అన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి నన్ను దగ్గరికి పిలిచాడు.

"పేపర్ల పడదు గద తమ్మీ?"

"పడదన్నా."

"నువ్వు రోజు చూస్తనే ఉండు" అన్నాడు.

ఆయన చనిపోయేదాకా, రెండేళ్లు, నేను రోజూ చూశాను.