ఆ రిపోర్టు సేవ్ కాలేదు

మెదక్‌లో నాకు మంచి పేరుంది. ఏ ఆఫీసులో కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. నమ్మకమైన మనిషి అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నేను మాట మార్చేస్తాను. ఇన్నేళ్లుగా ఇలాగే ఉంది. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ధైర్యం వచ్చి మాత్రం కాదు.

అప్పట్లో నేను ఊళ్లో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. దాని పేరు వద్దు. కింద ల్యాబ్, పైన డాక్టరుగారి గది. ల్యాబ్‌లో సునీత అనే అమ్మాయి రక్త పరీక్షలు చేసేది. ఎల్దుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చేది. రిపోర్టు తయారవగానే కాగితం పట్టుకుని మెట్లెక్కి డాక్టరుగారి బల్ల మీద పెట్టేది. ఏదైనా తేడాగా ఉంటే పెట్టి వచ్చేసేది కాదు. "సార్, జర ఇది చూడుండ్రి" అని వేలు పెట్టి చూపించి, ఆయన చూసేదాకా అక్కడే నిలబడేది.

ఆ మెట్లెక్కడం మాన్పించింది నేనే.

ల్యాబ్ కంప్యూటర్‌లో ఒక వెబ్ పేజీ తయారు చేశాను. సునీత వివరాలు కొట్టి బటన్ నొక్కితే, వెనకాల నేను రాసిన చిన్న ప్రోగ్రాం ఆ రిపోర్టును తీసుకెళ్లి పై గది కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీదుగా కింది కంప్యూటర్‌కు ఒక డ్రైవ్‌లా కలిపాను. చెప్పుకోవడానికి ఇంతే.

ల్యాబ్ కంప్యూటర్‌లో నేను లాగిన్ అయి, ఆ పేజీని నడిపే సర్వర్ ప్రోగ్రాంను చేత్తో మొదలుపెడితే ఫైల్ పై ఫోల్డర్‌లో పడేది. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచి, సర్వర్ దానంతటదే మొదలైతే పడేది కాదు. అలాంటి డ్రైవ్ లేదని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి. డ్రైవ్ నా కళ్ల ముందే ఉంది. తెరిస్తే తెరుచుకుంటోంది. సర్వర్‌కు మాత్రం కనబడదు. ఎందుకు? ఇప్పుడైతే టీ తాగుతూ చెప్పేస్తాను. ఆ డ్రైవ్ నా పేరు మీద కలిసింది, నేను లాగిన్ అయినంతసేపే అది ఉంటుంది, నాకే ఉంటుంది. సర్వర్ తనంతట లేచినప్పుడు వేరే ఖాతాతో నడుస్తుంది. ఆ ఖాతాకు ఆ దారి తెలియదు, అక్కడ రాసే అనుమతీ లేదు. డ్రైవ్ అక్షరానికి బదులు పై కంప్యూటర్ పూర్తి చిరునామా రాసి, సర్వర్ ఖాతాకు ఆ ఫోల్డర్‌లో అనుమతి ఇస్తే సరిపోయేది. ఒక పూట పని. అప్పుడు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే నోరూ లేదు. అన్నీ వచ్చని చెప్పి చేరినవాణ్ణి.

అందుకని రోజూ అందరికంటే ముందు వచ్చి, లాగిన్ అయి, సర్వర్‌ను ఆపి చేత్తో మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు నేను ఆలస్యమయ్యాను. ల్యాబ్‌కు దిగిన డాక్టరుగారు ఆ ఎర్ర అక్షరాలు చూశారు. "పేషెంట్ల ముంగట గిదేందయ్యా, ఇజ్జత్ పోతది" అన్నారు.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెబుతాను. ఫైల్ రాసే ఆదేశానికి ముందు ఒక్క గుర్తు పెట్టాను. ఈమెయిల్ అడ్రసు మధ్యలో ఉంటుందే, ఆ గుర్తే. అది ఉంటే, ఫైల్ పడకపోయినా ప్రోగ్రాం నోరెత్తదు. దాని కింద, పడినా పడకపోయినా "సేవ్ అయింది" అని పచ్చటి అక్షరాలు వచ్చేలా రాశాను. నాలుగు రోజుల్లో సరిచేద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకున్నానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నానా? తెలియదు. ఎర్ర అక్షరాలు పోయాక నాకు హాయిగా అనిపించింది. అది మాత్రం బాగా గుర్తుంది.

సునీతకు కూడా చెప్పాను. "ఇగ కాయిదాలు పట్టుకొని ఉరుకుడు లేదు. పచ్చగొస్తే పైకి పోయినట్టే." ఆమె సంబరపడింది.

కొన్ని వారాలకు మా అక్క కొడుక్కి పుట్టెంట్రుకలు తీయిస్తున్నారని ఏడుపాయల గుడికి పోవాల్సి వచ్చింది. సర్వర్ సంగతి మనసులో మెదిలింది. ముందురోజు కంప్యూటర్ ఆపకుండా వదిలేశాను, నడుస్తుందిలే అనుకున్నాను. ఆ పొద్దున మెదక్‌లో కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ తనంతట తాను లేచింది. సర్వర్ లేచింది. డ్రైవ్ లేదు. పచ్చటి అక్షరాలు మాత్రం ఉన్నాయి. నేనక్కడ మంజీర ఒడ్డున పిల్లవాణ్ణి ఎత్తుకుని నవ్వుతూ ఫోటో దిగాను.

పాపన్నపేట దారిలో షేర్ ఆటో నడిపే యాదగిరికి డెంగ్యూ జ్వరం. ముందురోజు పరీక్షలో ప్లేట్‌లెట్లు పర్వాలేదు. ఆ రోజు మళ్లీ రక్తం తీస్తే బాగా పడిపోయి ఉన్నాయి. సునీత ఆ రిపోర్టు కొట్టింది. పచ్చటి అక్షరాలు చూసి తర్వాతి మనిషి రక్తం తీయడానికి లేచింది. పైన డాక్టరుగారు ఫోల్డర్ తెరిస్తే యాదగిరి పేరు మీద ఒక్కటే రిపోర్టు ఉంది. అది ముందురోజుది. మిగతావాళ్లవి ఇంకా తయారు కాలేదేమో అనుకున్నారు, దీన్ని మాత్రం ఆ రోజుదేననుకుని, ఇంటికి పోవచ్చని మందులు రాసి పంపారు. మర్నాడు తెల్లవారేసరికి యాదగిరికి ముక్కులోంచి రక్తం కారడం ఆగలేదు. హైదరాబాద్‌కు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

డాక్టరుగారు తేదీ చూడలేదా? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలాకాలం బతికాను. చూడాల్సింది. చూడలేదు. అది ఆయన తప్పు. కానీ కాగితం పట్టుకుని పక్కన నిలబడే మనిషిని అక్కడ లేకుండా చేసింది ఎవరు?

నేను దవాఖానకు చేరేసరికి కబురు వచ్చేసింది. సునీతను పైకి పిలిచారు. ల్యాబ్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ గుర్తు తీసేసి, ఒక ఉత్త పేరు కొట్టి బటన్ నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. అప్పుడు లేచి పైకి వెళ్లి, తప్పు నాది అని చెబితే సరిపోయేది. మెట్లు ఎన్నో లేవు. నేను లేవలేదు. ఆ గుర్తును తిరిగి దాని చోట పెట్టాను. లాగిన్ అయి, సర్వర్ ఆపి, చేత్తో మొదలుపెట్టాను. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదీ. గుర్తు పెట్టిన రోజు నాకు తెలివి లేదనుకోండి. దాన్ని తిరిగి పెట్టిన రోజు మాత్రం తెలిసే చేశాను.

తర్వాత నన్ను పిలిచారు. సునీత బల్ల పక్కన నిలబడి ఉంది.

"నేను సేవ్ చేసిన సార్. పచ్చగొచ్చింది. అన్నా, నువ్వు చెప్పు. పచ్చగొస్తే పోయినట్టేనని నువ్వే గద అన్నవ్?"

డాక్టరుగారు నా వైపు చూశారు. "ఏందయ్యా, సిస్టంల ఏమన్న ఖరాబున్నదా?"

"లేదు సార్" అన్నాను. "సేవ్ చేస్తే ఫైల్ ఉండాలె. ఫైల్ లేదంటే సేవ్ చెయ్యనట్టే. మీరే చూడుండ్రి."

ఆయన్ని కిందికి తీసుకెళ్లి, ఆయన ముందే ఒక పేరు కొట్టి, నొక్కి, మళ్లీ పైకి తీసుకెళ్లి ఫోల్డర్ తెరిచి చూపించాను. ఫైల్ ఉంది. ఎందుకుండదు? సునీత ఆ ఫైల్ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. అనుమానంతో కాదు. ఇంకేదైనా చెబుతానేమోనని ఎదురుచూసింది.

ఆమెను పనిలోంచి తీసేశారు. బయట గేటు దగ్గర యాదగిరి భార్య బాలమణి ఆమె చెయ్యి పట్టుకుంది. "నా పెనిమిటి కాయిదం ఏడ పెట్టినవ్ బిడ్డా? ఒక్క మాట చెప్పు." తిట్టలేదు, కొట్టలేదు. అదే అడిగింది, మళ్లీ మళ్లీ అడిగింది. జవాబున్నవాణ్ణి నేను కిటికీ వెనక ఉన్నాను.

ఆ వారమే కూర్చుని అసలు కారణం కనుక్కున్నాను. ఖాతా ఇచ్చాను, అనుమతులు ఇచ్చాను, పూర్తి చిరునామా రాశాను, ఆ గుర్తు తీసేశాను. ఇక ఎప్పుడూ ఆగలేదు. తర్వాత వేరే ఆఫీసుల్లో ఇదే రకం తప్పు వస్తే ఇట్టే పట్టేసేవాణ్ణి. నా పేరు అలా పెరిగింది. సునీత సంగతి ఊళ్లో ల్యాబుల వాళ్లందరికీ పాకింది. ఎవరూ ఆమెను పనిలో పెట్టుకోలేదు.

ఈ మధ్య నా భార్యతో బట్టల దుకాణానికి వెళ్తే, చీరలు మడత విప్పి చూపిస్తున్న మనిషి సునీత. నన్ను గుర్తుపట్టి, "మంచిగున్నవా అన్నా" అంది. నా భార్య అవతల అద్దం ముందు చీర భుజాన వేసుకుని చూసుకుంటోంది. సునీత గొంతు తగ్గించి అంది:

"గా దినం నేను బటన్ నొక్కిన్నో లేదో, ఎంత యాది చేసుకున్నా సమజైతలేదన్నా. శురూల నొక్కిన్ననే అనుకున్న. ఇప్పుడు నొక్కలేదేమో అనిపిస్తది. గేటు కాడ గామె మొఖం కండ్ల ముంగట్నే ఉంటది. నా చేతులతోనే మనిషి పాయె."

నేనేమన్నానో తెలుసా? "పోనీ తియ్యి, అయిపోయిన ముచ్చట" అన్నాను. ఓదార్చినట్టు అన్నాను. ఆమె తలూపి, ఇంకో చీర విప్పింది.

అప్పటిదాకా ఆమె ఉద్యోగం పోగొట్టానని మాత్రమే అనుకునేవాణ్ణి. తను చేసిన పని తనకే గుర్తులేకుండా చేశానని తెలియదు. చెయ్యని తప్పును ఆమె తన చేతులతో చేసినట్టు మోస్తోంది. ఇన్నేళ్లూ నేను మోస్తున్నది బరువనుకున్నాను. అసలు బరువు ఆమె మోస్తోంది.

ఆ దుకాణం ముందు నుంచి రోజూ వెళ్తాను. బండి ఆపలేదు. రేపు ఆపుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. పాపన్నపేటలో బాలమణి ఎలా ఉందో కనుక్కోలేదు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడిగే హక్కు ఎక్కడిది?

సునీత ఆమె అసలు పేరు కాదు. ఇందాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అసలు పేరు పెట్టి ఆ మాట బయటికే అన్నాను. ఆమె బటన్ నొక్కింది. అబద్ధం నాది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దానివల్ల ఏమీ మారలేదు. అయినా ఇంకోసారి అన్నాను.