మీసం తీసేసిన సారు

మా సారు పోయారు. ఆ కబురు అమ్మ చెప్పింది. పక్కనే కూర్చుని, నా మొహం తన వైపు తిప్పుకొని, "సారు ఇక లేరంటమ్మా" అంది.

ఆయన బెల్లంకొండ వైపు ఊళ్ళలో వైకల్యం ఉన్న పిల్లల కోసం తిరిగే టీచరు. నాకు చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. బడిలో అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఎందుకో తెలియకుండానే. ఐదో తరగతిలో నన్ను బడి మానిపించాలనుకున్నారు. సరిగ్గా అప్పుడే సారు మా ఇంటికి వచ్చారు.

"వినపడని పిల్లకి చదువెందుకు సారూ? మిరపకాయ కోతలకొస్తే పనన్నా వచ్చుద్ది" అన్నాడు నాన్న.

"కొంచెం ఆగవయ్యా. చెవికి మిషను తెప్పిస్తా. అప్పటికీ వినపడకపోతే నీ ఇష్టం."

ఆ మిషను రావాలంటే ఆసుపత్రి వాళ్ళు పరీక్ష చెయ్యాలి, విద్యాశాఖ వాళ్ళు పేరు పంపాలి, వికలాంగుల సంక్షేమం చూసే ఆఫీసు వాళ్ళు ఇవ్వాలి. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళి రమ్మనేవారు. సారు అందరినీ బతిమాలి, ఒకే రోజు మా బడి వరండాలో పక్కపక్కన కూర్చోబెట్టారు. "కాయితం తిరగాల గానీ పిల్ల తిరగగూడదు" అనేవారు. ఆ రోజు డాక్టరుగారూ ఆఫీసరుగారూ ఒకే పొట్లంలో బజ్జీలు తింటూ మా పనులు చేసిపెట్టారు.

మిషను వచ్చింది. మా ఇళ్ళలో కొత్త వస్తువేది వచ్చినా పూజ చెయ్యందే వాడరు. అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నా చెవికి తగిలించింది. రెండు రోజులకే అది మూగబోయింది.

"ఊరకే వచ్చింది, ఊరకే పోయింది. రేపట్నుంచి కోతలకి రా" అన్నాడు నాన్న.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు. మాట లోపలికి వెళ్ళే సన్నటి రంధ్రం నిండా పసుపు!

"ఏందమ్మా ఇది, ట్రాక్టరనుకున్నావా? నిమ్మకాయలు గూడా తొక్కించావా?"

అమ్మకి ఏడుపొచ్చింది. "కొత్తది గదా సారూ..."

సారు నవ్వు ఆపేశారు. మెత్తటి బ్రష్షుతో దులుపుతూ, "తప్పేం లేదులే. పసుపు పెట్టెకి పెట్టు, మిషను చెవికి పెట్టు" అన్నారు. ఆ తర్వాత ఏ క్యాంపులోనైనా తల్లులకి ఈ మాట చెప్పకుండా మిషను చేతికిచ్చేవారు కాదు. నా మిషను మళ్ళీ పలికింది. నేను బడిలోనే ఉండిపోయాను.

అప్పట్లో ఆయనకు గుబురు మీసం ఉండేది. మిషను ఉన్నా పెదవులు చూస్తేనే నాకు మాట పూర్తిగా అందేది. అవి కనపడటం లేదని ఒకసారి నేనే అన్నాను. మళ్ళీ వచ్చేసరికి మీసం లేదు. మా తాత ఊరుకోలేదు.

"పల్నాటోడివయ్యుండి మీసం తీశావేంది సారూ, పందెం ఓడావా?"

"పిల్లకి అడ్డమొస్తంది పెద్దాయనా. మీసం మళ్ళా మొలుచుద్ది, పోయిన పాఠం మొలవదు."

ఆ మీసం మళ్ళీ ఎప్పుడూ పెంచలేదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు బీఈడీ చదువుతున్నాను. జబ్బుగా ఉన్నారని తెలిసి చూడబోతే, ఆయన గొంతు నా మిషనుకు అందనంత సన్నబడిపోయింది. మంచం మీద నుంచే మొహాన్ని కిటికీ వెలుగులోకి తిప్పుకొని, పెదవులు నిదానంగా కదిపి, "పరీక్షలెట్టా రాశావు?" అని అడిగారు. బాగా రాశానన్నాను. ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాక ముందు ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

సారు ఇల్లు నరసరావుపేటలో ఒక ఇరుకు సందులో. చివరిచూపుకు అమ్మా నేనూ వెళ్ళాం. ఆయన చక్రాల కుర్చీలు ఇప్పించిన పిల్లలు తల్లులతో ఆటోల్లో వచ్చారు. మగవాళ్ళు సారును పడుకోబెట్టిన జనాజాను భుజాలకెత్తుకుని కబరస్తానుకు వెళ్ళిపోయాక మేమూ కదిలాం. ఆ సందులో కుర్చీ వెనక్కి తిప్పుకునే చోటు లేదు. తల్లులు కుర్చీలను అలాగే వెనక్కి లాక్కుంటూ నడిచారు. మలుపు వచ్చేదాకా పిల్లల మొహాలు సారు ఇంటి వైపే ఉన్నాయి.